స్వార్జితమా, పిత్రార్జితమా?

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనకోడలు, సైన్సు దినోత్సవం నాడు కాలేజీలో చదవబోయే ప్రసంగపాఠాన్ని నాకు పంపి, తప్పులుంటే దిద్దిపెట్టమంది. నాలుగు పేజీల ఆ పాఠంలో దిద్దవలసినవి పెద్దగా లేవు. దాని విషయం క్రిస్పర్, అంటే తనమీదికి వచ్చిన వైరస్ డీఎన్ఏ ముక్కలను బాక్టీరియా తన డీఎన్ఏలో ఒక వరుసగా దాచుకుని, వాటి సాయంతో ఆ వైరస్‌ను ఎదుర్కొనే ఏర్పాటు. క్రిస్పర్ గురించి పత్రికల్లో వచ్చే చాలా వ్యాసాలకంటే శుభ్రంగానే ఉంది. అయితే రెండో పేరాలోని ఒక వాక్యం దగ్గర నా కలం ఆగింది. "మనలాగే బాక్టీరియా కూడా ఒకసారి తనమీద దాడిచేసిన వైరస్‌ను గుర్తుపెట్టుకుని, అది మళ్ళీ వస్తే తిప్పికొడుతుంది, దీన్నే ఆర్జిత రోగనిరోధకత అంటారు" అని ఆ వాక్యం. నేను "మనలాగే" అన్న మాటను కొట్టేసి పంపించాను. ఆ సాయంత్రమే ఫోను చేసి, "కొట్టేస్తే కొట్టేశావు మామయ్యా, ఎందుకో చెప్పు" అంది. అప్పటికి తోచిన జవాబేదో చెప్పాను గాని, అది నాకే చాల్లేదు. ఆ జవాబునే ఇప్పుడు నింపాదిగా రాసుకుంటున్నాను.

నా అభ్యంతరం "ఆర్జిత" అన్న మాట దగ్గరే మొదలవుతుంది. ఆస్తుల సంగతి వచ్చేసరికి మనం ఒక తేడాను ఎంతో జాగ్రత్తగా పాటిస్తాం. తాను కష్టపడి కూడబెట్టింది స్వార్జితం, తాతతండ్రుల నుంచి వచ్చింది పిత్రార్జితం. మనిషికి వ్యాధుల మీద కలిగే ఆర్జిత రక్షణ అచ్చమైన స్వార్జితం. నాకు చిన్నప్పుడు తట్టు పోసి తగ్గింది కనుక నాకది మళ్ళీ రాదు, కాని ఆ రక్షణ నా కొడుక్కి సంక్రమించదు, వాడికి టీకా వేయించవలసిందే. తల్లి నుంచి బిడ్డకు అందే యాంటీబాడీలు కొన్ని నెలల్లో కరిగిపోయే చేబదులు మాత్రమే. బాక్టీరియా సంగతి అలా కాదు. క్రిస్పర్ పుణ్యమా అని వైరస్ నుంచి బతికి బయటపడుతున్న కణాల్లో అత్యధికం, తమ జన్మలో అంతకుముందు ఆ వైరస్ మొహం చూసినవి కావు. సంపాదించిన పూర్వీకురాలు ఒక్క కణం, అనుభవిస్తున్న వారసులు కోట్లు. వైరస్ దెబ్బ తిని, బతికి, గుర్తుపెట్టుకున్న కథ ఆ ఒక్క కణానికే చెల్లుతుంది. మిగిలినవాటిది వారసత్వపు కథ.

మూడో రోజు తోడుకున్న సీసా

ఈ పట్టింపు నాకు పుస్తకాలు చదివి వచ్చింది కాదు. చదువైన కొత్తలో, 2001 ప్రాంతంలో, ఒక పాల డెయిరీ లేబొరేటరీలో రెండేళ్ళు పనిచేశాను. గంటకోసారి పెరుగు ట్యాంకు నుంచి నమూనా తీసి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్‌లోంచి కాస్టిక్ సోడా ద్రావణం వదులుతూ, లేత గులాబీరంగు నిలిచేసరికి ఎంత పట్టిందో చూసి ఆమ్లత లెక్కగట్టి రాయడం నా పని. పాలలో 0.14 శాతం దగ్గర మొదలైన అంకె నాలుగైదు గంటల్లో 0.7 దాటాలి. ఒక రాత్రి షిఫ్టులో అది 0.25 దగ్గర ఆగిపోయింది. తరువాతి గంటా అంతే, ఆ పైగంటా అంతే. వేడి సరిగ్గా 43 డిగ్రీలే ఉంది. పాలు విరగలేదు, తోడుకోనూలేదు, గోరువెచ్చగా అలాగే పడి ఉన్నాయి. మా షిఫ్టు ఇన్‌చార్జి మూత తీసి, గరిటె ముంచి ఎత్తి, కారుతున్న ధారను ఒకసారి చూసి, "తోడు చచ్చింది" అన్నాడు. తెల్లవారేలోగా రెండువేల లీటర్ల పాలు కాలువ పాలయ్యాయి.

తోడును చంపింది ఏమిటో ఎలా తెలుసుకోవాలో ఆయనే నాకు చూపించాడు. చెడిన పాలలో కొంత తీసి, ఆమ్లం వేసి విరగ్గొట్టి, పైకి తేరిన తేటను 0.45 మైక్రాన్ల ఫిల్టరు గుండా పంపించాం. బాక్టీరియా దానిలోంచి దాటలేదు, వైరస్ దాటుతుంది. మరిగించి చల్లార్చిన పాలను రెండు సీసాల్లో పోసి, రెండింటిలోనూ ఒకే తోడు వేసి, ఒకదానిలో మాత్రం ఈ తేట కొన్ని చుక్కలు కలిపాం. ఉదయానికి మొదటిది గట్టిగా తోడుకుంది, రెండోది నీళ్ళలా కదులుతోంది. తోడు బాక్టీరియాను పట్టి చంపే వైరస్, అంటే ఫేజ్, మా ట్యాంకులో చేరిందనడానికి అది చాలు. ఆ మర్నాటి నుంచి వేరే నంబరు తోడు ప్యాకెట్లు వాడారు, పైపులన్నీ క్లోరిన్‌తో కడిగారు, గొడవ సద్దుమణిగింది. నేను ఆ రెండో సీసాను తీయడం మరిచిపోయి బల్లమీదే వదిలేశాను. మూడో రోజు చూస్తే అదికూడా తోడుకుని ఉంది. ఇన్‌చార్జి దాన్ని వంచి చూసి, "చచ్చినవి చావగా మిగిలినవి లేచాయి" అన్నాడు.

ఆ సీసాలో జరిగింది క్రిస్పరే అని నేను ప్రమాణం చేయలేను. గాలిలోంచి వేరే సూక్ష్మజీవి ఏదైనా పడి ఉండవచ్చు. ఫేజ్ అతుక్కునే చోటు మారిపోయిన కణాలు కొన్ని ఉండి అవే పెరిగి ఉండవచ్చు, అదీ మామూలుగా జరిగేదే. కాని ఏది నిజమైనా, నా కళ్ళముందున్న లెక్క ఒక్కటే. ఆ సీసాలో వేసిన కోట్ల కణాల్లో ఇంచుమించు అన్నీ చచ్చిపోయాయి. మూడో రోజు నాకు కనిపించిన గట్టి పెరుగు, ఏవో కొద్దిపాటి కణాల సంతానం. "బాక్టీరియా నేర్చుకుంది" అన్న వాక్యం ఎక్కడ చదివినా నాకు ముందుగా ఆ మొదటి ఉదయం నీళ్ళలా కదిలిన పాలే గుర్తొస్తాయి.

సంపాదించే చేయి వేరు, కాపాడే చేయి వేరు

విచిత్రమేమిటంటే, క్రిస్పర్ అసలు పని ఏమిటో తేల్చిన ప్రయోగం జరిగింది కూడా పెరుగు తోడు మీదే. 2007లో డానిస్కో అనే తోడు తయారీ కంపెనీకి చెందిన రొడోల్ఫ్ బరాంగూ, ఫిలిప్ హోర్వాత్, కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయానికి చెందిన సిల్వాన్ మొయినో, వారి సహచరులు స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అనే పెరుగు బాక్టీరియా మీదికి ఫేజ్‌ను వదిలి, బతికినవాటిని ఏరి చూశారు. అలాంటివి తొమ్మిది రకాలు దొరికాయి. వాటి క్రిస్పర్ వరుసలో, ఎప్పుడూ ఒకే కొసన, ఫేజ్ డీఎన్ఏ నుంచి తెంపిన 30 అక్షరాల ముక్కలు కొత్తగా చేరి ఉన్నాయి. స్పేసర్ అనే ఆ ముక్కను తీసేస్తే రక్షణ పోయింది, వేరే కణంలో పెడితే దానికి రక్షణ వచ్చింది. ఈ భాగం అందరూ చెబుతారు.

నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది అదే వ్యాసంలోని మరో రెండు ఫలితాలు. క్రిస్పర్ పక్కనే ఉన్న ఒక జన్యువును చెడగొడితే, స్పేసర్ ఉన్నచోటే ఉన్నా రక్షణ మాయమైంది. ఈ జన్యువునే మనం ఇప్పుడు కాస్9 అంటున్నాం. మరో జన్యువును చెడగొడితే పాత రక్షణ చెక్కుచెదరలేదు, కాని ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ కణాలకు కొత్త స్పేసర్ మాత్రం దొరకలేదు. అంటే సంపాదించే చేయి వేరు, ఉన్నదాన్ని కాపాడే చేయి వేరు. ఒకటి పోయినా రెండోది నడుస్తుంది. తానుగా ఒక్క పైసా సంపాదించే శక్తి లేకపోయినా, తాతల దస్తావేజులతోనే దర్జాగా బతికే బాక్టీరియా ఉండటానికి అడ్డేమీ లేదు.

అలాంటి పాత జమీందారు ఒకడు మనకు బాగా తెలుసు. క్షయ బాక్టీరియాలో కూడా క్రిస్పర్ వరుస ఉంది. దాని పని ఏమిటో లోకానికి తెలియకముందే వైద్యులు దాన్ని వాడుకున్నారు. 43 స్పేసర్లలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో చూసి రోగి కఫంలోని క్షయ ఏ వంశానిదో చెప్పే స్పాలిగోటైపింగ్ అనే పరీక్ష 1997 నుంచీ ఉంది. బీజింగ్ వంశపు క్షయలో మొదటి 34 స్పేసర్లూ ఉండవు, చివరి తొమ్మిదిలోనివే మిగిలి ఉంటాయి. దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించే తూర్పు ఆఫ్రికా-భారత వంశం తీరు వేరు. తరాలు గడిచేకొద్దీ ఉన్నవి రాలిపోవడమే తప్ప కొత్తవి చేరడం కనిపించదు కాబట్టే ఆ వరుస వంశావళిగా పనికొస్తోంది. సంపాదన ఆగిపోయి, కరిగిపోవడం మాత్రమే మిగిలిన ఆస్తి అది. దీన్ని "అనుభవం నుంచి నేర్చుకునే వ్యవస్థ" అని ఎవరైనా అంటే నేను మర్యాదగానే అడ్డుచెబుతాను.

జూదం

సంపాదించే కణం సంగతైనా సవ్యంగా ఉందా అంటే, అదీ లేదు. చాలా ప్రయోగాల్లో ఫేజ్ సోకిన కణాల్లో కొత్త స్పేసర్ పట్టుకుని బతికేది లక్షల్లో ఒకటి, కొన్నిచోట్ల కోటిలో ఒకటి. ఫేజ్ లోపలికి వచ్చాక అరగంటో ముప్పావుగంటో గడిచేసరికి కణం పగిలిపోతుంది. ఆలోగా కాస్1, కాస్2 ప్రోటీన్లు ఆ డీఎన్ఏలోంచి ఒక ముక్కను పట్టుకుని, క్రిస్పర్ వరుస మొదట్లో చొప్పించాలి. దాన్ని ఆర్ఎన్ఏగా రాయాలి. ఆ ఆర్ఎన్ఏను కాస్9 లాంటి కత్తెర చేతబట్టుకుని, ఫేజ్ డీఎన్ఏలో సరిపోయే చోటు వెతికి కోయాలి. ఇంటికి నిప్పంటుకున్నాక బావి తవ్వడం మొదలుపెట్టినట్టే.

పైగా పట్టుకునే ముక్క శత్రువుదే అన్న పూచీ కూడా లేదు. 2015లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగాన్ని నేను మళ్ళీమళ్ళీ తలుచుకుంటూ ఉంటాను. మన పెరుగు బాక్టీరియాలోనే కాస్9కు కోసే పదును తీసేసి, కొత్త స్పేసర్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూశారు. అత్యధికం బాక్టీరియా సొంత డీఎన్ఏ ముక్కలే! మామూలు కణాల్లో ఇవి ఎందుకు కనిపించవంటే, సొంత ముక్కను దస్తావేజులోకి ఎక్కించుకున్న కణం తన డీఎన్ఏను తానే కోసుకుని చస్తుంది కాబట్టి. ఆ చావులు లెక్కల్లోకి రావు. మనం చూసేది గెలిచిన పందేలనే. ఒకసారి వరుసలో చేరిన ఫేజ్ ముక్కను, అంటే ఆ దస్తావేజు కాగితాన్నే, కాస్9 శత్రువుగా పొరబడి కోయకుండా ఒక చక్కని ఏర్పాటు ఉంది. ఫేజ్ డీఎన్ఏలో ఆ ముక్క పక్కన కొద్ది అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది, బాక్టీరియా వరుసలో ఆ గుర్తు ఉండదు, గుర్తు లేనిచోట కత్తెర పడదు. కాని సంపాదన వేళ అంతటి వివేకం పెరుగు బాక్టీరియాలో కనపడదు. కొన్ని ఇతర బాక్టీరియాలో స్వపర భేదం కాస్త మెరుగ్గా ఉంటుందని ఇక్కడ ఒప్పుకోవాలి.

మేనకోడలి ఎదురువాదం

ఇంతవరకు రాసినదాన్ని ఆ అమ్మాయికి పంపాను. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. రెండు రోజుల తరువాత రెండు పాయింట్లతో జవాబు వచ్చింది.

మొదటిది, మొయినో బృందమే 2014లో చూపించిన విషయం. అతినీలలోహిత కాంతితో చచ్చుబడేట్టు చేసిన ఫేజ్‌లను కలిపితే, బాక్టీరియా కొత్త స్పేసర్లు సంపాదించడం బాగా పెరుగుతుంది. లోపభూయిష్టమైన ఫేజ్ కణంలోకి చేరుతుంది గాని చంపలేదు, ఆ వ్యవధిలో కణం దాని ముక్కను పట్టుకుంటుంది. "చంపిన వైరస్‌తో రక్షణ కలిగించడాన్ని మనం టీకా అనే కదా అంటాం?" అని ఆమె ప్రశ్న. ఈ పాయింటు నాకు తెలియనిది కాదు, నా వాదానికి అడ్డొస్తుందని పక్కన పెట్టిన మాట నిజం. ఆ కణాల వరకు అది స్వార్జితమే. నిప్పంటుకోకముందే బావి తవ్వుకున్నట్టే.

రెండోది నన్ను ఇంకా ఇరుకున పెట్టింది. మన ఒంట్లో మాత్రం రక్షణ సంపాదించేది ఎవరని ఆమె అడిగింది. బి-కణం అనే ఒక రకం తెల్ల రక్తకణం తన డీఎన్ఏ ముక్కలను కత్తిరించి అతికించుకుని ఒక యాంటీబాడీని తయారుచేసుకుంటుంది. అది వైరస్‌కు సరిపోతే ఆ కణం విభజన చెంది వేల సంతానమవుతుంది. ఆ సంతానంలో ప్రతిదీ తల్లికణం అతికించుకున్న డీఎన్ఏను వారసత్వంగానే పొందుతుంది. పదేళ్ళ తరువాత వైరస్ వస్తే ఎదుర్కొనే కణాలు మొదటి దాడిని చూసినవి కావు. కణాల లెక్కన చూస్తే మనదీ పిత్రార్జితమే కదా మామయ్యా, ఒళ్ళు అనే ఉమ్మడి కుటుంబం గడప దాటదు, అంతే తేడా, అంది.

ఈ వాదానికి నేను లొంగిపోయాను, కొంతవరకు. యాంటీబాడీల వైవిధ్యానికి మూలం ఈ డీఎన్ఏ కత్తిరింపులే అని నిరూపించిన సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది, ఒసాకాలో యోషిజుమి ఇషినో బృందం ఈ.కోలైలో పదేపదే వచ్చే ఒక వింత డీఎన్ఏ వరుసను చూసి, దాని ప్రయోజనం ఏమిటో తెలియదని రాసి ఊరుకుంది. క్రిస్పర్ గురించిన మొదటి మాట అదే. మన డీఎన్ఏను కత్తిరించే రాగ్ ఎంజైములూ, బాక్టీరియాలోని కాస్1 ప్రోటీనూ రెండూ ఎప్పుడో, డీఎన్ఏలో ఒకచోటి నుంచి మరోచోటికి గెంతే జన్యువుల నుంచి పుట్టాయన్న వాదానికి ఇప్పుడు మంచి ఆధారాలున్నాయి. పోలిక ఉత్తి అలంకారం కాదు మరి.

అయినా ఒక తేడా దగ్గర నేను ఆగిపోతాను. మన బి-కణాలు వైరస్‌ను చూసి యాంటీబాడీని తయారు చేసుకోవు. వైరస్ రాకముందే ఊహకందనన్ని రకాలు గుడ్డిగా తయారై ఉంటాయి, వచ్చినదానికి తగినవి ఎంపికవుతాయి. శత్రువు ముక్క మన జన్యువుల్లోకి చేరదు. బాక్టీరియా అలా కాదు, శత్రువు రాతనే తెంపి తన పుస్తకంలో అతికించుకుంటుంది. అందుకే దాని ఆస్తికి గడప దాటే శక్తి ఉంది, అందుకే అది అంత పెళుసు కూడా. ఫేజ్ తన డీఎన్ఏలో సరైన చోట ఒక్క అక్షరం మార్చుకుంటే చాలు, ఆ స్పేసర్ చెల్లని నోటవుతుంది.

పంపకాలు

చెల్లని నోటవుతుందని తెలిసీ బాక్టీరియా ఈ పద్ధతినే ఎందుకు పట్టుకుని ఉందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అర్థమైంది 2016 నాటి ఒక ప్రయోగం చదివాక. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు సూడోమోనాస్ బాక్టీరియాలో ఒక్కొక్కటి ఒక్కో స్పేసర్ సంపాదించిన రకాలను విడదీసి, కొన్ని గిన్నెల్లో ఒకే రకాన్ని, కొన్నింటిలో 48 రకాల వరకు కలిపి పెంచారు. ఒకే రకం ఉన్నచోట ఫేజ్ అక్షరం మార్చుకుని నిలదొక్కుకుంది. 48 రకాలు కలిసిన చోట త్వరగానే నశించింది. ఒక స్పేసర్‌ను తప్పించుకునేలా మారిన ఫేజ్, పక్కనున్న మరో రకం కణంలోకి చేరి, అక్కడి వేరే స్పేసర్‌కు దొరికిపోతుంది.

చూడండి, ఇక్కడ రక్షణ ఏ కణానిదీ కాదు. అన్నదమ్ములకు తలా ఒక చెక్క పొలం వేర్వేరు చోట్ల వచ్చినందువల్ల, ఏ ఒక్క వరదకూ ఊరి పంటంతా పోకుండా ఉన్నట్టు. "మనలాగే" అన్న మాట కప్పేసేది సరిగ్గా దీన్నే. ఒక కణాన్ని హీరోను చేసి కథ చెప్పినప్పుడు, ఈ గుంపు లెక్క చెప్పడానికి చోటే మిగలదు.

నా ఆస్తి ఉపమానం కూడా చివరిదాకా నడవదని ఇక్కడే ఒప్పుకుంటున్నాను. పిత్రార్జితానికి తండ్రి కావాలి. కాని క్రిస్పర్ వ్యవస్థలు ఒక జాతి బాక్టీరియా నుంచి సంబంధంలేని మరో జాతికి ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల మీదెక్కి పోతూ ఉంటాయి, దాన్ని దానపట్టా అనుకుని సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోలేనిది కలరా ఫేజ్ సంగతి. బంగ్లాదేశ్ కలరా రోగుల మలం నుంచి సేకరించిన ఐసీపీ1 అనే ఫేజ్‌లో, కాస్ జన్యువులతో సహా మొత్తం క్రిస్పర్ వ్యవస్థ ఉందని 2013లో కింబర్లీ సీడ్, ఆండ్రూ కమిల్లి తదితరులు చూపించారు. కలరా బాక్టీరియా తన రక్షణకు ఉంచుకున్న ఒక డీఎన్ఏ భాగం మీదికే ఆ ఫేజ్ ఈ కత్తెరను ప్రయోగిస్తుంది. కొత్త స్పేసర్లు కూడా సంపాదిస్తుంది. ఇంటివాడి పట్టాపుస్తకం పట్టుకుపోయి, అందులో తన పేరు రాసుకుని, ఇంటివాడి మీదే దావా వేసిన దొంగను ఏ శాస్త్రం కింద విచారించాలో నాకు తెలియదు.

ఇక మనుషులం వాడుకునే క్రిస్పర్‌లో సంపాదనా లేదు, వారసత్వమూ లేదు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థవారు జన్యుసవరణ చేసి, 2025 మే నెలలో "కమల" పేరుతో ప్రకటించిన వంగడంలో జరిగింది ఒక జన్యువు దగ్గర కోత. ఏ అక్షరాల దగ్గర కోయాలో మనిషి రాసిచ్చాడు. కత్తెర ఒక్కటే అరువు తెచ్చుకున్నాం. దాని గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు కనుక నేను ఇంతటితో వదిలేస్తున్నాను.

ప్రసంగపాఠం చివరి ప్రతిలో మేనకోడలు "మనలాగే" తీసేసి "ఒకరకంగా మనలాగే, మరొకరకంగా కాదు" అని రాసి, ఆ మరొకరకం ఏమిటో చెప్పడానికి ఇంకో అరపేజీ చేర్చింది. నిమిషాల లెక్క దాటిందని లెక్చరర్ ఆ అరపేజీనే తీయించారట. మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న వేరు. ఆ మూడో రోజు సీసాలోని పెరుగును ఏం చేశావు, అందులోంచి కొంచెం తీసి మళ్ళీ అదే ఫేజ్ తేట వేసి చూడలేదా, అని. అదేం చేయలేదని చెప్పాను. సీసాలు తక్కువ ఉండేవి, సాయంత్రం షిఫ్టుకు కావాలన్నారు. వేడినీళ్ళు, సోడాపొడి వేసి కడిగి బోర్లించాను.